దొంగ అని రాసిన పేరు



2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటి సర్వే జరిగింది. బడి పంతుళ్లు కాగితాల కట్ట పట్టుకొని వచ్చి కులము, చదువు, భూమి, అప్పు అన్నీ అడిగి రాసుకొని వెళ్లారు. అప్పటి నుండి మన యువకులు మమ్మల్ని పదే పదే అడుగుతున్న మాట ఒకటుంది. "అయ్యగారూ, మా తాతకు తండ్రి ఎవరో మాకు తెల్వదు. పాత జనాభా లెక్కల్లో ఎతికితే దొరుకుతదా?" 2027లో దేశమంతటా జనగణన జరుగుతుందని, అందులో కులం కూడా రాస్తారని విన్నాక ఈ ఆరాటం ఇంకా పెరిగింది. మంచిదే. కానీ అదే ప్రశ్న ఇంట్లో ముసలివారిని అడిగితే చాలాచోట్ల మాట ఆగిపోతుంది. "ఎందుకు బిడ్డా అవన్నీ తవ్వుడు" అని మంచం మీద అటు తిరిగి పండుకుంటారు.

ఆ మౌనం ఊరికే రాలేదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల్లో దాచిపెట్టిన పేర్లు చాలా ఉన్నాయి. దొంగల జాతి అని సర్కారు రాసిన పేర్లు, గడీ ముందు కర్ర పట్టిన పేర్లు, బొగ్గుబాయిలో పని కోసం మార్చుకొన్న పేర్లు. వాటి గురించి కొంత చరిత్ర, కొంత వాక్యము కలిపి రాస్తున్నాము.

ముందు అడిగినదానికి సూటిగా జవాబు. ఇంగ్లాండులో నూరేండ్లు దాటిన లెక్కల కాగితాలను జనానికి తెరుస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో తెరిచారు. అమెరికాలో 72 ఏండ్లకు తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి. అక్కడివాడు కూర్చున్నచోటనే తన ముత్తాత ఏ వీధిలో ఉన్నాడో, ఏ పని చేశాడో, ఆ ఏడు జైలులో ఉన్నాడేమో కూడా చూసుకోగలడు. మన దగ్గర అట్లా లేదు. నిజాం కాలంలో లెక్క ఒక రాత్రిని పట్టుకొని జరిగేది. 1911లో మార్చి 10, 1921లో మార్చి 18, 1931లో ఫిబ్రవరి 26. ఆ రాత్రి ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే లెక్క. ఇంట్లో ఉన్నవాడు ఇంట్లో, బండి మీద ఉన్నవాడు బండి మీద, డేరాలో ఉన్నవాడు డేరాలో. తరువాత ఆ కాగితాలన్నీ అంకెలుగా మారాయి. పేర్లు పోయాయి, పట్టికలు మిగిలాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1948 సెన్సస్ చట్టంలోని 15వ సెక్షను, ఒక మనిషి గురించి లెక్కలో రాసిన కాగితాన్ని ఎవరూ తెరిచి చూడకుండా కట్టడి చేసింది.

కాబట్టి ఆ పుస్తకాల్లో మీ తాత దొరకడు. మీ తాత కులం దొరుకుతుంది, అదీ 1931 వరకు. అయినా ఆ అంకెలు వట్టివి కావు. హైదరాబాదు సంస్థానంలో 1911లో కోటీ 33 లక్షల మంది ఉంటే 1921కి కోటీ 24 లక్షలయ్యారు. పదేండ్లలో పెరగవలసిన జనం తొమ్మిది లక్షలు తగ్గింది. నడుమ 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చిపోయింది. "మా తాతకు అన్నదమ్ములు ఉండిరట, రోగమొచ్చి ఒక్క వారంలో పోయిండ్రట" అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, ఆ తరిగిన అంకెలో వారున్నారు. పేరు లేదు గాని ఖాళీ ఉంది.

మరి పేర్లు ఎక్కడున్నాయి? భూమి ఉన్నవారివి సేత్వారులో, 1954-55 నాటి కాస్రా పహాణీలో ఉన్నాయి. బడికి పోయినవారివి అడ్మిషను రిజిస్టరులో ఉన్నాయి. కాగితం కంటే ముందు నోటిలో ఉండేవి. కాపుల గోత్రాలు పిచ్చకుంట్లవారు చెప్పేవారు, మాదిగల వంశాలు డక్కలివారు చెప్పేవారు, లంబాడీలకు భాట్‌లు, ఢాడీలు ఉండేవారు. బాప్తిస్మము పొందినవారి పేర్లు సంఘపు రిజిస్టరులో ఉన్నాయి, దాని సంగతి చివర చెబుతాము. ఇవేవీ లేనివారో? వారిలో ఎందరి పేర్లో పోలీసు పుస్తకాల్లో ఉన్నాయి. భూమి ఉన్నోని పేరు పహాణీలో, లేనోని పేరు ఠాణాలో అన్నట్టు ఉండె ఆ కాలం.

ఈ ఠాణా సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. 1871 అక్టోబరులో ఇంగ్లీషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. ముందు ఉత్తరాదిన పెట్టి, 1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధాని దాకా తెచ్చింది. దాని పద్ధతి ఏమిటంటే, ఒక మనిషి దొంగతనం చేశాడా లేదా అని చూడరు. ఒక కులాన్నో తెగనో దొంగల జాతి అని గెజిట్‌లో ప్రకటిస్తారు. ఆ ప్రకటన తప్పు అని ఏ కోర్టులోను వాదించడానికి లేదు. ఇక ఆ జాతిలో పుట్టినవారి పేర్లు రాసుకొని, వేలిముద్రలు తీసుకొని, పూట పూటకు హాజరు పిలుస్తారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఆరేండ్ల నుండి పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరు చేసే అధికారం కూడా 1911 చట్టం ఇచ్చింది. తల్లి కడుపులో ఉన్నప్పుడే దొంగ అన్నమాట. మూలపాపం గురించి మేము సెమినరీలో చదివాము గాని, దాన్ని కొన్ని కులాలకు మాత్రమే రాసిచ్చిన వేదాంతం అక్కడ కనబడలేదు.

ఇంతకు ఆ జనం ఎవరు? ఎరుకలవారు సముద్రపు ఒడ్డు నుండి ఉప్పు గాడిదల మీద వేసుకొని లోపలి ఊళ్లకు తెచ్చి, ధాన్యానికి మార్చుకొని పోయేవారు. లంబాడీలు వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసినవారు. మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వెంట గింజలు మోసిందీ వారే. ఇప్పుడు మనం తండా అంటే ఊరు అనుకుంటున్నాము గాని, అప్పుడు తండా అంటే నడిచే బిడారు. ఆ బేరాన్ని వారు లదేణి అంటారు. ఆ లదేణి ఎట్లా ఆగిందో తెలుసుకోవాలంటే మానుకోట స్టేషన్‌లో నిలబడితే చాలు. సికింద్రాబాదు నుండి జనగామ, వరంగల్, మానుకోట, డోర్నకల్ మీదుగా 1889కల్లా బెజవాడ దాకా రైలు పడింది. వందల ఎద్దులు నెల రోజులు మోసే సరుకును గూడ్సు బండి ఒక్క రాత్రిలో దించింది. ఉప్పు మీద సర్కారు పన్నులు, అడవి మీద సర్కారు కట్టుబాట్లు దానికి తోడయ్యాయి. బతుకుదెరువు పోయినవాడు తిరిగితే దిమ్మరి, ఆగితే అనుమానితుడు. వారిలో దొంగతనం చేసినవారు లేరా? ఉన్నారు. ఆకలికి చేసినవారు ఉన్నారు, అలవాటుగా చేసినవారూ ఉన్నారు. ఒకడు చేసినదానికి నూరుమంది వేలిముద్రలు వేయడమే ఆ చట్టం.

ఇక్కడ మన మిషను చరిత్ర కూడా వస్తుంది, దాటిపోవడానికి లేదు. ఈ జనాన్ని కంచెల లోపల సెటిల్‌మెంట్లలో ఉంచే పనిని ప్రభుత్వం చాలాచోట్ల మిషనరీలకు అప్పగించింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో ఎరుకలవారి కోసం రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ, నడిపిన సెటిల్‌మెంటు. మద్రాసు గవర్నరు కౌన్సిలులో ఉన్న హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ బౌడెన్ ఇంకొకటి నడిపాడు. అక్కడ బడులు పెట్టారు, మందులు ఇచ్చారు, చేతిపనులు నేర్పారు, వాక్యము చెప్పారు. ఇవన్నీ నిజమే. అదే చేతితో హాజరు పుస్తకం తెరిచారు, బయటికి పోయే చీటీ ఇచ్చారు లేదా ఇవ్వలేదు. కాపరి చేతిలో కర్ర ఉండవచ్చును గాని తాళపుచెవుల గుత్తి ఉంటే మందకు అతడు కాపరిగా కనబడడు. మన కూటముల్లో ఈ సెటిల్‌మెంట్లను గొప్ప విజయాలుగానే చెబుతారు. కంచె లోపల విన్న సువార్త ఆ ముసలివారి చెవికి ఎట్లా వినబడిందో కూడా చెప్పితే బాగుంటుంది. దరిమిలా 1970లలో అదే స్టువర్టుపురానికి వెళ్లి ఆ మనుషులతో కలిసి పనిచేసిన హేమలతా లవణం, మన గుర్రం జాషువా గారి కూతురు. ఆమె భర్త లవణం, నాస్తికుడు గోరా కొడుకు. ఏ కంచె లేకుండా, ఏ హాజరు పిలవకుండా వారు చేసిన పనిని చూచి మేము దేవుని స్తుతిస్తాము, వారు ఒప్పుకోకపోయినా సరే.

ఆ చట్టం మీద 1949లో వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు మన తెలుగువాడే, తిరుచానూరుకు చెందిన అనంతశయనం అయ్యంగార్. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ముద్రపడిన జాతులు విముక్త జాతులయ్యాయి. తెలంగాణలో లంబాడీలకు, ఎరుకలవారికి షెడ్యూల్డు తెగల గుర్తింపు వచ్చింది మాత్రం 1976 చట్టంతోనే. కాగితం మీద ముద్ర తుడుచుకోవడానికి ఒక్క సంతకం సరిపోయింది. ఊరివాళ్ల నోటిలో తుడుచుకోవడానికి ఎన్ని తరాలు పడుతుందో, బస్సులో ఎవరి సంచి పోయినా ముందు ఎవరి వైపు చూస్తారో గమనించండి.

రాసేవాడి చేతిని బట్టి పేరు ఎట్లా మారుతుందో చూడాలంటే దూరం పోనక్కర లేదు. జనగామ నుండి రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ దాకా వెళ్తే చాలు. సర్వాయి పాపన్న తాళ్లు గీసే ఇంట పుట్టినవాడు. దారులు కొట్టాడు, మనుషులను కూడగట్టాడు, గుట్టల మీద కోటలు కట్టాడు. 1708లో మొహర్రం పండుగ రాత్రి వరంగల్లు మీద పడి దోచుకున్నాడు. 1709లో హైదరాబాదుకు వచ్చిన మొగలు చక్రవర్తి బహదూర్ షాకు కానుకలిచ్చి సత్కారం కూడా పొందాడు. 1710లో పట్టుబడి చంపబడ్డాడు. ఈ సంగతులు ఫారసీలో రాసిన మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ అతడిని వట్టి దొంగగా రాశాడు. మన పల్లెల్లో కథలు చెప్పేవారు అతడిని వీరుడిగా పాడారు. ఇప్పుడు ఆగస్టు 18న సర్కారే అతని జయంతి జరుపుతోంది, కలెక్టరు గారే దండ వేస్తారు.

అట్లాగని ఖాఫీ ఖాన్ రాసినదంతా అబద్ధమని మేము అనము. పాపన్న సొంత అక్క సొమ్మునే దోచుకున్నాడని ఆయన రాశాడు. వరంగల్లులో ఆడవారిని పిల్లలను చెరపట్టి తీసుకుపోయాడని కూడా రాశాడు. చెరపోయిన ఆ ఆడవారు కూడా ఎవరికో నాయనమ్మలే. గద్దె మీద ఉన్నవాడు తక్కువ కులపువాడిని దొంగ అంటాడు, అది ఎప్పుడూ ఉన్నదే. గద్దె మీద ఉన్నవాడు అన్నాడు కాబట్టి అక్క ఏడవలేదని అనుకోవడం సరి కాదు. పాట పాడుకుందాము, అక్కను కూడా తలచుకుందాము.

ఇదే జనగామ గడ్డ మీద 1940లలో మరోసారి జరిగింది. విసునూరు దేశ్‌ముఖుకు ఎదురు నిలిచి పాలకుర్తిలో తన పంట కాపాడుకొన్న చాకలి ఐలమ్మ మీద కేసులు పెట్టారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాడు. ఆనాటి పోలీసు కాగితంలో వీరిది అల్లరిమూక. ఈనాడు హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు ఉంది. కానీ ఆ దొరల వెంట కర్రలు పట్టుకొని నడిచినవారు కూడా మన ఊళ్లవారే కదా. వారూ పేదలే, తిండిగింజల కోసం పోయినవారే. తోటివాడి వీపు మీద దెబ్బ వేసినవారు కూడా వారే. వారి పిల్లలు ఎక్కడికి పోయారు? ఇక్కడే ఉన్నారు. దెబ్బలు తిన్నవారి మనుమలు, దెబ్బలు వేసినవారి మనుమలు ఒకే చాప మీద కూర్చొని ప్రభువు బల్లలో పాలుపొందుతున్నారు. ముసలివారు మంచం మీద అటు తిరిగి పండుకోవడానికి ఇది కూడా ఒక కారణమని మా అభిప్రాయం. సర్కారు వేసిన ముద్రను దాచడం వేరు, చేసిన పనిని దాచడం వేరు. మొదటిది మోయవలసిన అవసరం మనకు లేదు. రెండవది దాచితే రెండవ ఇంటివారికి ఎప్పటికీ న్యాయం దొరకదు.

భూపాలపల్లి వారి చిక్కు ఇంకో తీరు. సింగరేణిలో వెనుకటి రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు పనిలో చేరడం ఉండేది. తమ్ముడు అన్న పేరుతో, అల్లుడు మేనమామ పేరుతో బాయిలోకి దిగినవారు ఉన్నారు. నెత్తి మీద దీపం వెలిగించుకొని ముప్పై ఏండ్లు ఇంకొకడి పేరుకు పలికి, ఇంటికి వచ్చి తన పేరుకు పలికారు. మారుపేర్ల సమస్య అని పేపర్లలో వచ్చేది ఇదే. కంపెనీ కాగితంలో ఒక తండ్రి, బడి సర్టిఫికెట్‌లో ఒక తండ్రి. వారసత్వ ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కొడుకు తన తండ్రికే కొడుకునని రుజువు చేసుకోలేక తిరిగాడు. అబద్ధమే, కాదనము. ఆకలి కూడా నిజమే. ఆదికాండము 27వ అధ్యాయంలో యాకోబు గుడ్డితండ్రి ముందు నిలబడి అన్న పేరు చెప్పి దీవెన తీసుకున్నాడు. చాలా ఏండ్ల తరువాత, 32వ అధ్యాయంలో, యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా తనతో పెనుగులాడినవాడు అతడిని నీ పేరేమిటని అడిగాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో మన గని కార్మికుల కుటుంబాలకు వేరే వ్యాఖ్యానం అక్కర లేదు. ఈసారి అతడు తన పేరే చెప్పాడు. కొత్త పేరు వచ్చింది ఆ తరువాతనే.

బైబిలులో ఇన్ని వంశావళులు ఎందుకున్నాయని మీలో చాలామంది అడిగారు. చదివేటప్పుడు కునికిపాట్లు వస్తాయని కూడా చెప్పారు. ఒక్కసారి ఠాణా రిజిస్టరు పక్కన పెట్టి చదవండి. మత్తయి మొదటి అధ్యాయంలో తామారు ఉంది, యెరికోలో వేశ్యయైన రాహాబు ఉంది, మోయాబు పిల్ల రూతు ఉంది. బత్షెబ దగ్గరికి వచ్చేసరికి మత్తయి ఆమె పేరు రాయలేదు, ఊరియా భార్య అని గుర్తుచేశాడు. దావీదు చంపించిన మనిషి పేరును దావీదు వంశావళిలోనే పెట్టాడు. రాజుగారి పరువు కోసం దాచలేదు. మేము పైన పాపన్న అక్క గురించి రాసింది ఇది చూచియే.

ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలో ఇంకో సంగతి. చెర నుండి తిరిగి వచ్చినవారిలో కొందరు యాజకులు తమ వంశపు కాగితాల కోసం వెదికారు, దొరకలేదు. పని నుండి తీసివేయబడ్డారు. సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ తిరిగే మన పిల్లలకు ఆ రెండు వచనాలు చదివి వినిపిస్తే నవ్వుకుంటారు, తరువాత ఊరుకుంటారు.

మాకు మాత్రం కోరహు సంగతి అన్నిటికంటె పెద్దదిగా తోస్తుంది. మోషే మీద తిరుగుబాటు చేసి భూమిలోకి కుంగిపోయినవాడు. ఆ పేరుకంటె చెడ్డపేరు ఇశ్రాయేలులో లేదు. సంఖ్యాకాండము 26వ అధ్యాయం జనాభా లెక్క. లెక్క నడుమ, అంకెల నడుమ, కోరహు కుమారులు చావలేదని ఒక చిన్న మాట ఉంది. వారు పేరు మార్చుకోలేదు. తరువాత కోరహీయులు దేవుని మందిరపు ద్వారపాలకులయ్యారని దినవృత్తాంతములు చెబుతుంది. పదికి పైగా కీర్తనల పైన ఇప్పటికీ కోరహు కుమారులు అనే రాసి ఉంది. 87వ కీర్తన వారిదే. ఆ కీర్తనలో దేవుడే కూర్చొని జనముల లెక్క రాస్తున్నాడు. ఎవరి పేర్లు రాస్తున్నాడు? రహబు, అంటే ఐగుప్తు. బబులోను. ఫిలిష్తియ, తూరు, కూషు. అందరూ శత్రువులే, అందరూ ఇశ్రాయేలు నోటిలో చెడ్డపేరు ఉన్నవారే. ఒక్కొక్కరిని చూచి వీరు సీయోనులో పుట్టినవారే అని రాసుకుంటున్నాడు. తాతకు చెడ్డపేరు ఉన్నవారికి తప్ప ఇంకెవరికైనా ఈ పాట రాయడం వచ్చేదా అని మాకు అనుమానం.

మన మానుకోట జిల్లా డోర్నకల్‌లో 1912 నుండి బిషపుగా పనిచేసిన అజరయ్య గారు ఆంగ్లికను సంఘంలో మొదటి భారతీయ బిషపు. ఆయన తిరునల్వేలి నాడారు కుటుంబంలో పుట్టినవారు. తాళ్లు గీస్తారని, గుడి మెట్లు ఎక్కరాదని లోకం దూరం పెట్టిన కులమది. ఆయన కాలంలో ఈ ప్రాంతంలో వేలమంది మాల మాదిగలు బాప్తిస్మము పొందారు. ఠాణాలో హాజరు పిలిచిన ఆ కాలంలోనే వారి పేర్లు ఇంకొక పుస్తకంలోకి ఎక్కాయి. మన సంఘపు పాత రిజిస్టరు కూడా అట్లాంటిదే. ఎడమ పక్క పాత పేరు, కుడి పక్క కొత్త పేరు. ఎల్లయ్య యోహాను అయ్యాడు, పోచమ్మ మరియమ్మ అయింది. రెండు పేర్లూ ఉన్నాయి, ఒకటి కొట్టివేసి ఇంకొకటి రాయలేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తరువాత ఆ రిజిస్టరు తెరుస్తాము. మీ తాత అవ్వల రెండు పేర్లూ, ఊరి పేరూ రాసుకొని రండి. మీ ఇంటివారి పేజీని మీరు చూడవచ్చును, రాసుకోవచ్చును. వేరొకరి ఇంటి సంగతి ఫోనులో ఫొటో తీసి గ్రూపులో పెట్టడానికి మాత్రం ఒప్పుకోము. ఎవరి ముత్తాత సంగతి వారి నోటనే రావాలి. కాగితాలు పెళుసుబారాయి గనుక చేతులు కడుక్కొని ముట్టుకోండి. మీ ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆటో మాట్లాడి అయినా వెంట తీసుకొని రండి. కండ్లు కనబడకపోయినా ఫరవాలేదు. పాత పేరు మేము చదువుతాము, ఆ మనిషి ఎవరో ఆమె చెబుతుంది.